బొట్టు పెట్టిన టర్న్‌టేబుల్

మా అత్తగారు రికార్డు మీద పాడారు. ఈ మాట నేను ఆ ఇంటికి కోడలిగా వెళ్ళిన మొదటి వారంలోనే విన్నాను. ఆ వెంటనే మామగారి నవ్వు కూడా విన్నాను.

తెనాలి పక్కన ఒక ఆడపిల్లల బడిలో ఆవిడ చదువుకునే రోజుల్లో, సంగీతం టీచరు కొంతమంది పిల్లల్ని రైలెక్కించి మద్రాసు తీసుకెళ్ళి, పిల్లల పాటలు రికార్డు చేయించిందట. రికార్డు మీద టీచరు పేరుంటుంది. దాని కింద 'బృందం' అని ఉంటుంది. ఆ బృందంలో మా అత్తగారు ఒకరు. అంతే కాదు, మిణుగురుల పాటలో రెండో చరణం చివరి పంక్తి ఆవిడ ఒక్కరే పాడారట.

"గుంపులో గోవిందా," అనేవారు మామగారు ప్రతిసారీ. "అందరితో పాటు నోరు తెరిచి ఉంటుంది, ఇన్నేళ్ళకి అది సోలో అయిపోయింది."

అందరూ నవ్వేవారు. ఆవిడా నవ్వేవారు. నాకు మాత్రం నవ్వు వచ్చేది కాదు, ఒళ్ళు మండేది. ఎందుకంటే ఆ పంక్తి ఆవిడ వంటింట్లో పాడుకోవడం నేను విన్నాను. బెండకాయలు తరుగుతూ, గిన్నెలు సర్దుతూ, తనకే తెలియకుండా పాడతారు. చివర 'మిణుగురమ్మా' అన్న మాట దగ్గర ప్రతిసారీ 'మిణు' అని ఆగి, చిన్నగా ఊపిరి పీల్చి, అప్పుడు 'గురమ్మా' అంటారు. మాట మధ్యలో ఎందుకలా ఆగుతారని ఒకసారి అడిగితే, "ఆ రోజు నాకు రొంప పట్టింది. ఊపిరి అందలేదు. టీచరు తర్వాత తిట్టింది కూడా. అలాగే అలవాటైపోయింది," అన్నారు. అబద్ధం చెప్పేవాళ్ళు సొంత తప్పును ఇంత భద్రంగా దాచుకోరు. నేను నమ్మాను.

నమ్మినంత మాత్రాన ఏం లాభం, వినాలి కదా. బడిలో హెడ్‌మిస్ట్రెస్ గదిలో ఒకే ఒక్కసారి ఆ రికార్డు వేశారట. పిల్లలంతా తోసుకుంటూ కిచకిచలాడుతుంటే సరిగ్గా వినపడలేదట. పాడిన పిల్లలకు తలా ఒకటి ఇచ్చారు. ఆవిడ పుట్టింట్లో గ్రామఫోన్ లేదు, అత్తింట్లో కొనలేదు. అలా యాభై ఏళ్ళు దాటిపోయాయి. తన గొంతు తాను వినకుండానే, ఇంట్లో వాళ్ళ నవ్వులు మాత్రం వింటూ ఉండిపోయారు.

నిరుడు అత్తగారూ మామగారూ అమెరికాలో డాలస్ పక్కనున్న కాపెల్‌లోని మా ఇంటికి వస్తున్నప్పుడు నేనే ఫోన్‌లో చెప్పాను, ఇక్కడ మళ్ళీ జనం రికార్డులు వింటున్నారని, దాన్ని తీసుకురమ్మని. ఆవకాయ, కారప్పొడులు ఒక పెట్టెలో వచ్చాయి. రికార్డు ఇంకో పెట్టెలో, జాకెట్టు గుడ్డలో చుట్టి, రెండు పట్టుచీరల మధ్య పడుకుని వచ్చింది. మామగారు ఎయిర్‌పోర్టులోనే, "ఇంత దూరం వచ్చింది, ఇక దీని బండారం బయటపడుతుంది," అన్నారు. ఆ మాటతో నాకు పట్టుదల పెరిగింది.

నేను కరీంనగర్ పిల్లని, నోరు కాస్త పెద్దది. పైగా ఉద్యోగం టెస్టింగ్. ఇతరులు రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికితే నాకు జీతం ఇస్తారు. కాబట్టి మా ఆయన మాల్‌లో, సూట్‌కేసులా మూత తెరుచుకునే ఒక గులాబీరంగు ప్లేయర్ చూపించి, "క్యూట్‌గా ఉంది, తీసేసుకుందాం," అనగానే నేను సూది ఉన్న చేతిని వేలితో ఎత్తి చూశాను. బరువుగా ఉంది. ఆ బరువును సరిచేసే ఏర్పాటు ఏదీ లేదు. అంత బరువు రికార్డు మీద మోపితే గాడి అరుగుతుంది. కొత్త రికార్డు అరిగితే ఇంకోటి కొనుక్కోవచ్చు. అత్తగారి రికార్డు అరిగితే ఇంకోటి లేదు.

"ఇది బొమ్మ. నాకు మెషిన్ కావాలె," అన్నాను.

డాలస్‌లో పాత రికార్డులు అమ్మే దుకాణానికి వెళ్ళాం. ప్లేయర్లు కూడా అక్కడే ఉన్నాయి. మీ దగ్గర ఎన్ని రికార్డులున్నాయని అడిగాడు దుకాణదారు. ఒక్కటే అన్నాను. ముందు నవ్వాడు. అది ఎవరిదో చెప్పాక నవ్వు ఆపి కుర్చీ వేశాడు. నేను అడిగినన్ని ప్రశ్నలు ఆ దుకాణంలో ఇంకెవరూ అడిగి ఉండరు. చివరికి ఎంచుకున్నది చాలా సాదా మనిషి లాంటిది. కింద చెక్క పీట, పైన బరువైన పళ్ళెం, ఓ మూల మోటారు. ఆ మోటారు తల మీద ఒక చిన్న ఇత్తడి చక్రం, దాన్నుంచి పళ్ళెం చుట్టూ సన్నటి రబ్బరు బెల్టు. చక్రం తిరిగితే బెల్టు పళ్ళేన్ని తిప్పుతుంది. సూది బరువును మనమే సరిచేసుకోవచ్చు. అత్తగారి చిన్న రికార్డుకు కావలసిన వేగం, నిమిషానికి నలభై అయిదు చుట్లు, ఇందులో ఉంది. ఒక జత స్పీకర్లు కూడా తీసుకున్నాం.

అసలు రికార్డు మీద చెయ్యి వేసే ముందు నేర్చుకోవాలి కదా. పక్క వీధిలో ఎవరో పాత సామాను ఇంటిముందు పెట్టి అమ్ముకునే గరాజ్ సేల్ జరుగుతుంటే, ఒక అట్టపెట్టెలోంచి అరిగినా పరవాలేదనిపించే రికార్డులు కొన్ని తెచ్చాను. అన్నీ క్రిస్మస్ పాటలే. టెక్సస్ ఎండలు మండిపోతుంటే మా ఇంట్లో మాత్రం మంచు కురిసే పాటలు మోగాయి.

సూది చేతి వెనక ఒక గుండ్రటి బరువు ఉంటుంది. దాన్ని ముందుకూ వెనక్కూ తిప్పుతూ పోతే, ఒకచోట ఆ చెయ్యి ఎటూ వాలకుండా తక్కెడలా గాల్లో నిలబడుతుంది. అక్కడి నుంచి కావలసినంత బరువు లెక్క పెట్టుకోవాలి. అది అలా నిలబడుతుందా అని మెల్లగా వదిలి చూశాను. నిలబడింది! ఆఫీసులో ఎన్ని సాఫ్ట్‌వేర్ రిలీజులు చూశానో గానీ, ఇంత గర్వం ఎప్పుడూ కలగలేదు. మా ఆయన్ని పిలిచి చూపించాను, అత్తగారిని పిలిచి చూపించాను.

మొదట హాల్లో కార్పెట్ మీదున్న బల్ల మీద పెట్టాం. రికార్డు తిరుగుతుంటే, "మామయ్యా, జర ఇటు నుంచి అటు నడువుండ్రి," అన్నాను. ఆయన పెరేడ్‌లో నడిచినట్టు నడిచారు. సూది ఎగిరి పడింది. అందుకని మేమెప్పుడూ వెలిగించని ఫైర్‌ప్లేసు ముందున్న రాతి గట్టు మీద వినాయకుడి విగ్రహాలు తీసి, అక్కడ పెట్టాం. ఫోన్‌లో మట్టం చూసే యాప్ పెట్టి, ఓ కాలు కింద అట్టముక్క దోపి మా ఆయన సమంగా నిలిపారు. మామగారు మళ్ళీ నడిచారు, ఈసారి కావాలని గట్టిగా. సూది కదల్లేదు. ఒక క్రిస్మస్ రికార్డు రెండు వైపులా విన్నాను. అంతా సరిగ్గా ఉంది. రేపు అత్తగారి రికార్డు వేద్దామని ప్రకటించాను.

మా ఉద్యోగంలో ఒక నియమం ఉంది. టెస్టింగ్ అయిపోయాక కోడ్‌ని ఎవరూ ముట్టుకోకూడదు. ముట్టుకుంటే మళ్ళీ టెస్ట్ చేయాలి. ఈ నియమం కోసం నేను ఆఫీసులో ఎంతమందితో పోట్లాడానో.

మర్నాడు పొద్దున అత్తగారు తలస్నానం చేసి, పట్టుచీర కట్టుకుని వచ్చారు. ఆ చీరను చూశాకే నాకు భయం మొదలైంది. లోపల ఆవిడ గొంతు లేకపోతే ఏం చేయాలి? ఈ ముసలితనంలో ఆవిడకున్న ఒక్క గొప్పనూ నేనే ప్లేయర్ కొని మరీ లాగేసినట్టవుతుంది.

"కొత్త వస్తువమ్మా, ముందు పూజ చెయ్యాలి," అన్నారు. అది న్యాయమే. మా ఇంట్లో కారుకు చేశాం, ఫ్రిజ్‌కు చేశాం, నా లాప్‌టాప్‌కి కూడా బొట్టు ఉంది.

"దీన్ని తిప్పేది ఏది?" అని అడిగారు. చిన్న ఇత్తడి చక్రాన్ని చూపించి నేను కర్పూరం తేవడానికి వెళ్ళాను. వచ్చేసరికి పూజ సగం అయిపోయింది. హారతి ఇస్తుంటే, స్మోక్ అలారం మోగకుండా మా ఆయన దాని కింద తువ్వాలు ఊపుతూ నిలబడ్డారు. మామగారు గరాజ్‌లోకి వెళ్ళి కొబ్బరికాయ కొట్టుకొచ్చారు.

అప్పుడు రికార్డు తీశాను. అంచులు పట్టుకుని పళ్ళెం మీద పెట్టాను. వేగం నలభై అయిదు. సూది దించాను.

కాస్త చిటపట. తర్వాత హార్మోనియం. తర్వాత పిల్లల గొంతులు. కానీ అవి పిల్లల గొంతుల్లా లేవు. బరువుగా, సాగుతూ, మధ్యమధ్య జారిపోతూ వస్తున్నాయి.

"ఇవి ఆడపిల్లల గొంతులా? కల్లు దుకాణంలో వాళ్ళవా?" అని మామగారు పగలబడి నవ్వారు.

రెండో చరణం చివరి పంక్తి కూడా వచ్చింది. ఎవరో నిద్రలో మూలిగినట్టుంది. అందులో ఊపిరి ఏదో, మాట ఏదో తెలియలేదు.

"అమ్మా, యాభై ఏళ్ళ రికార్డ్ కదా, డామేజ్ అయిపోయి ఉంటుంది. ఇట్స్ ఓకే," అన్నారు మా ఆయన.

అత్తగారు కొంగు సర్దుకుని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయారు. నాకు ఏడుపొచ్చింది. కాసేపటికి లోపలి నుంచే మెల్లగా అన్నారు.

"మేం ఇంత కింద శృతిలో పాడలేదమ్మా. మా టీచరు హార్మోనియం మీద నల్లమెట్టు పట్టుకుని ఉండేది. ఇదీ మా శృతి." ఆ శృతిని పట్టి చూపించారు. సన్నగా, నిటారుగా, ఎక్కడా వణకకుండా.

నేను సూది ఎత్తేశాను. "జర ఆగుండ్రి మామయ్యా, నవ్వకుండ్రి. ఏది పాడైందో నేను చూస్త." అత్తగారి రికార్డు తీసి, నిన్న చక్కగా పాడిన క్రిస్మస్ రికార్డు వేశాను. అది కూడా అలాగే మూలిగింది. అంటే తప్పు పాటది కాదు, మెషిన్‌ది. నిన్న బాగుంది, ఇవాళ లేదు. మధ్యలో ఏం మారింది?

వంగి చూశాను. ఇత్తడి చక్రం నిండా గంధం, దాని మీద పెద్ద కుంకుమ బొట్టు. బెల్టు ఆ తడి మీద జారుతోంది. దానికి కూడా పసుపూ ఎరుపూ అంటుకున్నాయి. టెస్టింగ్ అయ్యాక ఎవరూ ముట్టుకోకూడదని లోకమంతటితో పోట్లాడే నేను, పక్కనే నిలబడి హారతి కళ్ళకద్దుకున్నాను. బొట్టు పెట్టడం కూడా ఒక మార్పేనని మా ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు.

"అత్తమ్మా, రికార్డ్‌కు ఏం కాలే. మీ బొట్టు చక్రానికి ఎక్కువైంది," అన్నాను.

ఆవిడ పరుగున వచ్చారు. "తిప్పేదానికి కదా దండం పెట్టాలి అనుకున్నాను," అన్నారు చిన్నబోయి. నేను దూది, రబ్బింగ్ ఆల్కహాల్ తెచ్చాను గానీ చెయ్యి ఆడలేదు. పెట్టిన బొట్టును చేతులారా చెరపడం నాకు చాతకాదు. చిన్నప్పటి నుంచీ అది అశుభం అనే విన్నాను. ఆవిడకు నా సంగతి అర్థమైంది. దూది నా చేతిలోంచి తీసుకున్నారు.

"ఇటివ్వు. పెట్టినదాన్ని నేను, తీసేదాన్ని నేను," అని చక్రాన్నీ బెల్టునూ తామే శుభ్రంగా తుడిచారు. చెక్క పీట మూల, ఏదీ తిరగనిచోట, మళ్ళీ చిన్న బొట్టు పెట్టారు. నేను బెల్టు ఆరనిచ్చి ముందు క్రిస్మస్ పాట వేశాను. ఈసారి నియమం తప్పలేదు. పాట నిటారుగా నిలబడింది.

అప్పుడు మిణుగురుల పాట వేశాను.

హార్మోనియం నల్లమెట్టు మీద పలికింది. వంటింట్లోంచి అత్తగారు చూపించిన శృతి అది. పిల్లలు ఒక్కసారిగా అందుకున్నారు. సన్నటి, చురుకైన, పాలపళ్ళూడిన నవ్వుల్లాంటి గొంతులు. అత్తగారు సోఫా అంచున కూర్చున్నారు. మొదటి చరణం అయింది. రెండో చరణం చివరి పంక్తి దగ్గర అందరి గొంతులూ ఆగిపోయి, ఒక్క గొంతు మిగిలింది.

మిణు.

అక్కడ చిన్న ఊపిరి వినపడింది. స్పీకర్లోంచి ఒకటి, సోఫా మీంచి ఒకటి, సరిగ్గా ఒకేసారి. ఆవిడ తనకు తెలియకుండానే కలిసి పాడుతున్నారు.

గురమ్మా.

నేను గర్వపడ్డాను. నా మెషిన్‌ను చూసి, నా చేతుల్ని చూసి, అన్నిటికంటే ఆ పట్టుచీరను చూసి. ఆ రొంప పట్టిన పిల్లను చూసి కూడా. మా ఆయన కళ్ళు తుడుచుకుంటున్నారు. పాట అయిపోయింది, సూది చివరి గాడిలో తిరుగుతోంది. ఎవరూ లేచి తియ్యలేదు.

మామగారు గొంతు సర్దుకున్నారు. గుంపు మాట వస్తుందేమోనని నేను తగువుకు సిద్ధంగా ఉన్నాను.

"మళ్ళీ పెట్టమ్మా," అన్నారు.

"ఎక్కడి నుంచి మామయ్యా?"

ఆయన అత్తగారి వైపు చూస్తూ చెప్పారు. "ఆ ఊపిరి దగ్గర్నుంచి."