మా మేనల్లుడికి మీసం లేదు

మా మేనల్లుడికి మీసం లేదు. ఈ ఒక్క ముక్క మా ఊళ్ళో ఎవరికీ ఎక్కించలేక నా ప్రాణం విసిగిపోయింది.

మీసం కోసం వాడు పాటుపడలేదని కాదు. సైన్యంలో చేరకముందు బాగేపల్లిలో మా ఇంట్లోనే ఉండి కాలేజీకి పోయేవాడు. రోజూ పడుకునే ముందు పై పెదవి మీద ఆముదం రుద్దుకునేవాడు. మా దిండ్లన్నీ జిడ్డు. "పైరు మొలిసిందా రా?" అని నేను అడిగితే, "మొలుస్తాది మామా, వానలు పడనీ" అనేవాడు. వానలు పడ్డాయి, సైన్యం నుంచి పిలుపు వచ్చింది, మీసం మాత్రం రాలేదు. ఉన్న నూగు కూడా అక్కడ రోజూ గీసుకోవలసిందే.

సరిహద్దులో కాల్పులు జరిగిన రోజు, గాయపడిన తోటివాణ్ణి భుజాన వేసుకుని వెనక్కి తెచ్చాడు. ఇంకొకడి కోసం మళ్ళీ వెళ్ళాడు. ఆ రెండోసారి తిరిగి రాలేదు. ప్రభుత్వం శౌర్య పతకం ఇచ్చింది. వాడి తల్లి, అంటే మా చెల్లెలు, ఢిల్లీ వెళ్ళి అందుకుంది. నేనూ తోడు వెళ్ళాను. అంతవరకూ అంతా మర్యాదగానే జరిగింది. ఆ తర్వాతే మిట్టేమరి పక్కన, మా చెల్లెలు ఉండే మా సొంత ఊరివాళ్ళ చేతికి చిక్కాము.

ఊరి బస్టాండు దగ్గర విగ్రహం పెడదామన్నారు. మంచిదే. ఫోటో అడిగారు, ఇచ్చాను. అది నేరుగా శిల్పి చేతికి వెళ్ళి ఉంటే ఏ గొడవా లేదు. మావాళ్ళకు ఏ పనైనా ఫ్లెక్సుతోనే మొదలు కావాలి కదా! ఫోటో ముందు చింతామణిలో ఒక ఫ్లెక్సు అంగడికి వెళ్ళింది. అక్కడ వీరుడంటే ఒకటే అచ్చు: వెనక జెండా, పక్కన సింహం, ముఖానికి మెలితిప్పిన మీసం. శిల్పి ఆ ఫ్లెక్సు చూసే నల్లరాతిలో చెక్కాడు.

విగ్రహం తెర తీసిన రోజు చిక్కబళ్ళాపురం నుంచి పెద్దలు వచ్చారు. మాది కర్ణాటక కదా, ఒకరి తర్వాత ఒకరు కన్నడంలో ఉపన్యాసాలు. మా చెల్లెలికి శాలువా మీద శాలువా కప్పారు. మిట్టమధ్యాహ్నం ఎండలో ఆమె చెమటతో తడిసిపోతుంటే ఒక్కరికీ పట్టలేదు. తెర తీశారు. నలభై ఏళ్ళ మనిషెవరో, మా తాతకు కూడా లేనంత మీసంతో, మా వైపు ఉరిమి చూస్తున్నాడు. చప్పట్లు మోగాయి.

మా చెల్లెలు నా చెవి దగ్గరికి వంగి, "ఎవురన్నా ఈయన?" అంది.

ఆ సాయంత్రమే యువకుల సంఘం అధ్యక్షుణ్ణి పట్టుకున్నాను. యాభై దాటినా ఆయన యువకుడే.

"ఆ మీసం తీయించప్పా" అన్నాను.

"యోధుడికి మీసం లేకుంటే బాగుంటాదా అప్పా? చూసేటోళ్ళు నవ్వరా?"

"వాడికి లేదప్పా!"

"ఉంటే ఇట్లే ఉండేది కదా!"

నెలల తరబడి తిరిగాను. మీసం తీస్తే అమరుడికి అవమానమని ఒకాయన. పంచాయితీలో తీర్మానం కావాలని ఇంకొకాయన. పంచాయితీకి పోతే తాలూకా ఆఫీసు దారి చూపించారు. పెట్టేటప్పుడు ఎవరినీ అడగని మీసం, తీసేటప్పుడు సర్కారు ఆస్తి అయి కూర్చుంది.

ఇంతలో మా చెల్లెలు ఆ బస్టాండుకు రావడమే మానేసింది. బాగేపల్లికి రావాలంటే నెత్తిన మూటతో పొలాలకు అడ్డంపడి నడిచి, పక్క ఊళ్ళో బస్సెక్కేది. నాకు కోపమూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఇంత మొండితనం ఎందుకని కసిరాను.

"కండ్లు మూసుకుంటే ఆ మీసాలాయనే కనపడతాండాడన్నా. నా కొడుకు ముఖం నాకే మరుపొస్తాండాది" అంది.

చివరికి ఆమే సంఘం సమావేశానికి వచ్చి నిలబడింది. అధ్యక్షుడు మళ్ళీ అదే పాట ఎత్తుకున్నాడు. "మీసం లేకుంటే పిల్లోని మాదిరి కనపడతాడమ్మా."

"పిల్లోడేనప్పా" అంది మా చెల్లెలు. "మీసమన్నా రాకముందే పోయినాడని తెలియల్ల జనాలకి."

అధ్యక్షుడే ఫోను తీసి శిల్పికి కబురు పెట్టాడు. అన్ని నెలలు నేను గొంతు చించుకున్నది దండగే అనిపించింది.

శిల్పి వచ్చి మీసం చెక్కి తీసేశాడు. ముఖం చాలావరకు మావాడిదే అయింది. అయితే నూనె పట్టి నల్లబడిన ముఖంలో, ఉలి తగిలిన చోటు మాత్రం తెల్లగా తేలింది. "రోజూ ఇంత నూనె రాస్తా ఉండండమ్మా, నల్లబడి కలిసిపోతాది" అని చెప్పి వెళ్ళాడు.

ఇప్పుడు పొద్దున బస్సు రాకముందే మా చెల్లెలు స్టూలు ఎక్కి, వేలితో ఆముదం తీసుకుని వాడి పై పెదవి మీద రుద్దుతుంది. మొన్న వెళ్ళినప్పుడు స్టూలు నేనే పట్టుకున్నాను. "పైరు మొలిసిందా రా?" అన్న మాట నా నోటిదాకా వచ్చింది. అడగలేక, స్టూలు ఇంకా గట్టిగా పట్టుకున్నాను.