కాళ్లకు ఎవరూ చెప్పని మాట

మగ్గం గుంటలోంచి లేవగానే అరికాళ్లకు ఆముదం రాసుకోవడం నాకు నేటికీ అలవాటు. అది నేర్పినాయన పేరు నాకు తెలియదు.

యుద్ధం రోజుల్లో నూలు దొరక్క మా మగ్గం ఆగిపోయింది. దానితోపాటే నా నిద్రా పోయింది. ఒక మధ్యాహ్నం ఎర్రగుంట్ల స్టేషన్‌లో కడప బండి కోసం కూర్చున్నాను. బల్లకు ఆ చివర మందుల సంచితో ఒక ముసలి వైద్యుడున్నాడు.

“మగ్గం యాడుండాదప్పా?” అన్నాడు.

“ఇంట్లో. నిలిచిపోయి మూడు నెలలాయ.”

“మరి కాళ్లు నేస్తానే ఉండాయే.”

అప్పుడు చూసుకున్నాను. మగ్గం గుంటలో తొక్కుడు కర్రల మీద ఉన్నట్టే నా పాదాలు ఒకదాని తర్వాత ఒకటి నేలను తొక్కుతూనే ఉన్నాయి.

ఆయన సంచిలోంచి ఆముదం, కంచుగిన్నె తీసి నా కాళ్లు ఒళ్లో పెట్టుకున్నాడు. అంత పెద్దాయన నా కాళ్లు పట్టడమేమిటని వెనక్కి లాక్కోబోయాను.

“ఉండప్పా. మగ్గం నిలిచిందని వీటికి ఎవరూ చెప్పల్యా” అంటూ గిన్నె అడుగుతో అరికాళ్లు నిదానంగా రుద్దాడు.

మెలకువ వచ్చేసరికి పొద్దు వాలింది. నా కాళ్లు ఇంకా ఆయన ఒళ్లోనే ఉన్నాయి.

“కడప బండి?” అన్నాను.

“పాయ.”

“మీరు పోవాల్సిన బండి?”

“నాదీ అదేనప్పా. కదిలితే లేస్తావని ఊరకుంటి.”