శరణాలు అందుకున్న గొంతులు

మొన్న మా అన్నను మట్టిలో పెట్టిన చోట జరిగినది చూసిన తరువాత, ఈ సంగతులు వ్రాసి ఉంచడం నా విధి అని నిశ్చయించుకున్నాను. ఆనాడు వెలిగించిన కొవ్వొత్తి ముక్క నా బల్లపై ఇంకా ఉన్నది. దాని కాలిన వత్తి వాసన నన్ను కోడేరులోని మా వాడకు, అవ్వ అరుగు మీదికి తీసుకొనిపోతున్నది.

ఊరిలో ఎవరు మరణించినా పిలుపు రాగానే పోయి డప్పు కొట్టవలసిన కట్టుబాటు మా వాడది. బొంబాయి మిల్లులో పనిచేసి వచ్చిన మా పెద్దనాయన బౌద్ధ దీక్ష తీసుకొని, మా ఇండ్లన్నింటికీ ఇప్పించిన తరువాత అది తెగిపోయింది. ఇతరుల చావుకు కొట్టని డప్పు మన చావుకూ మోగరాదని ఆయన నియమం. దానికి బదులు ‘బుద్ధం శరణం గచ్ఛామి’తో మొదలయ్యే పాళీ భాషలోని త్రిశరణాలు. అవి వాడలో ప్రతి ఒక్కరికీ నోటికి రావలెను. వేసవి సాయంకాలాలలో, జొన్నరొట్టెల పొగ కండ్లలో మండుతుండగా, ఉతికిన తెల్లని అంగీలు తొడిగి, పిల్లలమందరం ఆయన ముందు వరుసగా కూర్చుండేవాళ్ళం. పౌర్ణమికి బెల్లం పాయసం. తప్పు లేకుండా చెప్పినవానికే మొదటి గిన్నె.

పెద్దనాయన తల్లి అయిన మా అవ్వ ఒక్కతే నేర్చుకోలేదు. “డప్పు లేకుంటె నేను పోయినట్టు ఊరికెట్ల ఎర్కైతది కొడుకా? దొంగలెక్క పోవాల్నా?” అని పెద్దనాయనతో అనేది.

“బతికున్నప్పుడు ఊరు నీ దిక్కు సూసిందా అవ్వా, సచ్చినంక సూడనీకి?”

“సాలు తీయ్. ముందుగాల నీ గొంతు సక్కగ జేస్కో. కప్ప అరిసినట్టుంది.”

వానలు రాని ఒక ఏడు అవ్వ చనిపోయింది. పాడె బాట మీదికి రాగానే ఊరిపెద్ద ఒకడు, “ఏందిరా, ముసల్దాన్ని గిట్ల సప్పుడు లేకుంట కొంటవోతున్రు?” అని ఎగతాళి చేశాడు. పెద్దనాయన గొంతెత్తి మొదటి శరణం ఎత్తుకున్నాడు. చంకలో పిల్లలున్న తల్లులతో సహా వాడ మొత్తం వెనుక నుండి అందుకున్నది. ఆ మోత గుట్టకు తగిలి తిరిగి వచ్చింది. ఊరికి తెలిసింది.

అన్న వనపర్తిలో మరణించాడు, కోడేరుకే తెచ్చాము. మా పిల్లలు, మనుమలు మంచి చదువులు చదివారు. పౌర్ణమికి ఎక్కడివారక్కడ ఫోన్లలో కలుసుకొని ధ్యానం చేస్తారు. దానిని నేను తప్పు పట్టను. సెలవు దొరకనివారు అట్లాగైనా కలుస్తున్నారు. కాని గుంత ముందు నిలబడి నేను మొదటి శరణం ఎత్తుకుంటే వెనుక నుండి ఎవరూ అందుకోలేదు.

“పరేషాన్ గాకు తాతా, ఫోన్ల ఉంది, పెడ్త,” అని మనుమడు ఫోనును పాడె అంచున ఆనించాడు. దోషం లేని పాళీ, ఎవరిదో తెలియని గొంతు. రెండవ శరణం నడుమ సిమెంటు ప్రకటన వచ్చింది. అది ముగిసేవరకు అందరూ చేతులు జోడించుకొనే నిలబడ్డారు.

ఇప్పుడు మా వంశంలో శరణాలు నోటికి వచ్చినవాడిని నేనొక్కడినే. తరువాతి గుంత నాదే. పెద్దనాయన చెవితో విని నేర్పినవి గనుక నా ఉచ్చారణలో, ఈ వ్రాతలో కూడ, తప్పులుండవచ్చు. తెలిసినవారు దిద్దవలెను. ఫోనులో వద్దు. పౌర్ణమినాడు మా అరుగు మీదికి వచ్చి, నాతో గొంతు కలిపి దిద్దండి.