డోలక్ లేని పాట

సత్యవేడులో మా చర్చిలో డోలక్ వాయించింది ఇరవై ఏళ్లు మా ఆయనే. పాట గాడి తప్పితే ఆడవాళ్ల చాపల మీంచి ఆయన్ని కసరడం నాకలవాటు.

ఆయన పోయాక ఇంటికొచ్చి "దేవుని చిత్తం" అన్నవాళ్లందరినీ, "మీ ఇంట్లో జరిగితే ఇట్లే అంటారా?" అని తరిమేశాను. నెల తర్వాత చర్చికెళ్లి, ఎవరితోనూ మాట్లాడకుండా చివరి చాపమీద కూర్చున్నాను.

పాట మొదలైంది. గొంతులు ఒక దారి, చప్పట్లు ఒక దారి. నా నోరు ఊరుకుంటుందా?

"ఏందయ్యా, నిద్రపోతుండావా? గట్టిగా వాయించు!"

పాట ఆగిపోయింది. అందరూ నావైపు తిరిగారు. ఏమన్నానో అప్పుడు తెలిసింది.

నేను మొదట తరిమిన ఎస్తేరమ్మే లేచొచ్చి నా పక్కన కూర్చుంది.

"వాయించేవాళ్లు ఉండారక్కా. నువ్వొచ్చి సరేననేదాకా ఎవురూ ముట్టుకోగూడదనుకున్నాం."

మూలన డోలక్ మీద ఆయన కప్పిన తువ్వాలు అట్లే ఉంది.

"ఈపొద్దుకు వద్దులే" అన్నాను.

మళ్లీ పాట ఎత్తుకున్నారు, అంతే అధ్వానంగా. నేనూ ఏడుస్తూ వాళ్లతోబాటే తప్పుగా పాడాను.

నన్ను ఓదార్చడానికొచ్చిన ప్రతి మాటతోనూ పోట్లాడాను. ఆ పాటతో మాత్రం పోట్లాడలేకపోయాను.