పటేలు బండి, నా ముక్కు

నైజాం కాలం. చిట్యాల దగ్గరి పల్లెలో మా ఇల్లు, ఊరి శిస్తు వసూలు చేసే మాలీ పటేలు వాకిటికి సరిగ్గా ఎదురుగా ఉండేది. వేపపూత వచ్చిందంటే నాకు తుమ్ములే తుమ్ములు. పటేలు బండెక్కగానే తుమ్మేవాణ్ణి. ఆయన అపశకునమని దిగి, కాళ్లు కడుక్కుని, కాసేపు కూర్చుని మళ్లీ ఎక్కేవాడు. నేను మళ్లీ తుమ్మేవాణ్ణి.

"వీని ముక్కు బాగు చేయిస్తవా, ఊరిడిచి పోతవా?" అని ఒకనాడు మా బాపు మీద లేచాడు.

బాపుతో కలిసి నేసే మగ్గం వదిలి, పట్నంలో మేనమామ ఇంట్లో ఉండి, దవాఖానలో ఏడాది పొడుగునా పుప్పొడి మందు సూదులు పొడిపించుకున్నాను. మరుసటి ఏడు ఊరికి తిరిగొచ్చాక వేప విరగబూసినా నా ముక్కు కదల్లేదు.

పటేలు మీసం దువ్వుతూ బండెక్కాడు. ఊరు దాటకముందే ఇరుసు విరిగి పెంటకుప్పలో పడ్డాడు. ఆ కంపుతోనే చర్నాకోల పట్టుకుని నేరుగా మా ఇంటికొచ్చాడు.

"పొద్దుగాల తుమ్మకపోతివేందిరా?"

"సూదులేసిన్రు కద పటేలా, ఇగ తుమ్ములు రావు."

"నేను పడాలెనని ముక్కు బిగవట్టినవ్!"

ఆ సూదుల పుణ్యమా అని ఈనాటికీ వేపపూత నన్నేమీ చేయలేదు. పటేలు జబ్బుకు మాత్రం ఆ దవాఖానలో సూది లేదు.