ఏడు పడవలు వద్దన్నాను

ఏడాదికొకసారి, చలి తగ్గి కిటికీలు తెరుచుకునే రోజుల్లో, మోరిస్‌విల్‌లో మా అబ్బాయి ఇంటి గరాజ్‌లో చాప వేసుకుని కూర్చుని ఒక చెక్కపీటకి అవిసెనూనె పట్టిస్తాను. పాత బనీను గుడ్డ నూనెలో ముంచి, చెక్క ఇక చాలనేదాకా రుద్దుతుంటే, కాస్త చేదుగా, వేరుశనక్కాయ తొక్కలు వేయించినట్టుండే ఆ వాసన మెల్లగా ఇంట్లోకి పాకుతుంది. "అత్తయ్యా, కాల్‌లో ఉన్నానండీ, ఆ డోర్ క్లోజ్ చేసుకోరా, తలనొప్పొచ్చేస్తోంది" అని మా కోడలు లోపల్నించి కేకేస్తుంది. వేసుకుంటాను. ఆ వాసన ఎటూ పోకుండా నాతో ఉండటమే నాకూ కావాలి. తలుపు మూసుకున్న గరాజ్‌లో నా వయసు మళ్ళీ తొమ్మిదేళ్ళవుతుంది, బయట ఒరెగాన్ ముసురు పడుతూ ఉంటుంది, అమ్మ ఇంకా బతికే ఉంటుంది.

డెబ్బైల చివర్లో, ఒరెగాన్‌లో మెకెంజీ నది పక్కన ఒక చిన్న ఊరి ఆస్పత్రిలో నర్సుగా ఉన్న మా మేనత్త కాగితాలు పెడితే, నాన్నా అమ్మా నేనూ ఆ ఊరొచ్చాం. నాన్నకి ప్లైవుడ్ మిల్లులో పని. గోదావరి లంకల్లో తాతల నాటి నుంచి నావలు నడిపిన ఇంటివాడు, ఇక్కడికొచ్చి చెక్క పలకలు అతికించే మిషను ముందు నిలబడ్డాడు. సాయంత్రం ఆయన గుమ్మంలో బూట్లు విప్పుతుంటే పచ్చి కలప పొట్టు చొక్కా మడతల్లోంచి నేలమీద రాలేది, అమ్మ చీపురు పట్టుకుని "అడవంతా మోసుకొచ్చారా?" అనేది. అక్టోబరులో పట్టుకున్న ముసురు మే దాకా వదిలేది కాదు. ఆరవేసిన చీర మూడోనాటికి కూడా తడి వాసనే వేసేది. ఎండాకాలం వస్తే రోడ్డు పక్క ముళ్ళకంపల నిండా నల్లటి బ్లాక్‌బెర్రీలు, వాటితో అమ్మ ఇంగువ పోపు పెట్టి పచ్చడి నూరేది. చింతగింజలు లేక హేజల్ నట్లతో అమ్మా నేనూ వామనగుంటలాడేవాళ్ళం, ఓడిపోతున్నప్పుడల్లా నేనొక గింజ నోట్లో వేసుకునేదాన్ని.

చలికాలంలో ఆ నదిలోకి సముద్రం నుంచి స్టీల్‌హెడ్ అనే చేప ఎదురీదుకుంటూ వచ్చేది. వంతెన మీద నిలబడి నాన్న దాన్ని మొదటిసారి చూసినప్పుడు "ఏమే, ఇదిగో, మన పులస చుట్టం!" అని చిన్నపిల్లాడిలా అరిచాడు. ఆ చేప కోసం వచ్చే పడవలు కూడా అప్పుడే చూశాం. డ్రిఫ్ట్ బోట్లంటారు. తమలపాకు రెండు కొసలూ పట్టుకుని పైకి వంచినట్టు ముందూ వెనకా లేచి, అడుగు పీటలా చదునుగా ఉండేవి. రాళ్ళ మధ్య నురుగులు కక్కే ఆ నీళ్ళలో తిరగలి రాయిలా గిర్రున తిరిగి, మళ్ళీ నిదానించి సాగిపోయేవి. నాన్న చేపని మరిచిపోయి పడవనే చూశాడు.

అయితే పడవ మీద ఆశ ఆయనకంటే అమ్మకే ఎక్కువ. అమ్మది మెట్ట ఊరు. పెళ్ళయ్యాక అత్తారింటికి నావలోనే వెళ్ళిందట, చాప మీద బాసింపట్టు వేసుకుని, ఒక చెయ్యి నీళ్ళలో వేలాడేసి. దారి పొడుగునా నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి జారిపోతుంటే, ఏడుపు ఎప్పుడాగిందో తనకే తెలీలేదని చెప్పేది. "మీరు చేపలు పట్టుకోండి, నేను ముందు కూర్చుని నీళ్ళలో చెయ్యి పెట్టుకుంటాను. ఈ దేశమొచ్చాక అంతా కార్లో కూర్చోడమే అయిపోయింది నా బతుకు" అంది నాన్నతో. అలా మా ఇంట్లో పడవ వెతకడం మొదలైంది.

నాన్నవాళ్ళింట్లో ఒక పద్ధతుండేది. నావ కొనేటప్పుడు బాగోగులన్నీ మగవాళ్ళు చూసుకున్నాక, ఆఖరున ఇంటి ఆడపిల్లని ఉత్తికాళ్ళతో అందులోకి ఎక్కించి, ఈ చివర్నించి ఆ చివరికి నడిపించి, "ఏమ్మా, కొందామా?" అని అడిగేవారు. పిల్ల ఊఁ అంటే కొనడం, ఊహూఁ అంటే కారణం అడక్కుండా వచ్చేయడం. పిల్లకి ధర తెలీదు, అమ్మేవాడి మొహమాటం తెలీదు, కాబట్టి దాని అరికాలికి తెలిసిందే నిజమని వాళ్ళ నమ్మకం. మా మేనత్త చిన్నప్పుడు వద్దన్న నావని పక్క లంకవాళ్ళు కొనుక్కుంటే ఆ ఏటి వరదకే పోయిందని నాన్న చెప్పేవాడు. ఈ దేశంలో ఆ ఇంటి ఆడపిల్లని నేను.

ఆదివారం పొద్దున్నే అమ్మ స్టీలు క్యారేజీలో పులిహోర, పెరుగన్నం, ఊరమిరపకాయలు సర్దేది. పాత స్టేషన్ వేగన్‌లో వాళ్ళిద్దరూ ముందు, నేను వెనక. వారమంతా నాన్న మిల్లు షిఫ్టు, నేను బడి, అమ్మ ఒక్కతీ ఆ తడి ఇంట్లో. ముగ్గురం ఒకచోట ఉండేది ఆ కార్లోనే. వాన పడుతుంటే అద్దాలన్నీ ఆవిరి పట్టేవి. అమ్మ వెనక్కి తిరిగి నా పక్కనున్న అద్దం మీద వేలితో అ, ఆ రాసి దిద్దించేది. ఒత్తులు వచ్చేసరికి అవి కిందికి కారిపోయి, మేమిద్దరం పడీపడీ నవ్వేవాళ్ళం. ఈ నాలుగు ముక్కలూ తెలుగులో రాయగలుగుతున్నానంటే ఆ అద్దాల చలవే, నేను వెళ్ళిన మరో తెలుగు బడి లేదు.

మొదటి పడవ అల్యూమినియంది. నాన్న వేలి కణుపుతో దాన్ని కొట్టి చూసి పెదవి విరిచాడు. "పడవేంటే ఇది, సత్తు డేగిసాలా మోగుతోంది."

"మరీ మంచిదండీ, మధ్యాహ్నం అందులోనే ఎసరు పెట్టేస్తాను" అంది అమ్మ.

నేను మేజోళ్ళు విప్పి ఎక్కాను. ఆ రేకు చలికి అరికాళ్ళు భగ్గుమన్నాయి, ఏడుపొచ్చింది, వద్దన్నాను. అది నిజంగానే వద్దనడం. కానీ ఇంటికి వస్తూ దారిలో అమ్మ పాట అందుకుంది, నాన్న స్టీరింగు మీద తాళం వేస్తూ "ఏం పర్లేదు అమ్మడూ, వచ్చే ఆదివారం ఇంకోటి చూద్దాం" అన్నాడు. అప్పుడు నా బుర్రకి ఒక సంగతి తట్టింది. పడవ కొనేస్తే ఈ వెతుకులాట అయిపోతుంది. నాన్న నది మీదకి పోతాడు, నేను ఇంట్లో ఉండిపోతాను, అద్దం మీద అక్షరాలుండవు. వద్దంటే ఇంకో ఆదివారం.

రెండోది వద్దన్నాను. మూడోది ఫైబర్‌గ్లాసుది, రాళ్ళమీద సబ్బులా జారిపోతుందని అమ్మేవాడు చెప్పాడు, నాన్నకి అది నచ్చింది కూడా, వద్దన్నాను. నాలుగోది అంచులు మరీ ఎత్తు, గాలికి కొట్టుకుపోతుందని నాన్నే పెదవి విరుస్తుంటే, నేను పెద్ద ఆరిందాలా అటూ ఇటూ నడిచి మరీ వద్దన్నాను.

అయిదోది వాల్ట్ అనే ముసలాయన చేసిన చెక్క పడవ. నది వంపులో ఆయన షెడ్డు. అడుగు పెడుతూనే అవిసెనూనె వాసన. నాన్న పడవ కిందికి దూరి వెల్లకిలా పడుకుని, మూలమూలా మేకు మొనతో పొడిచి చూశాడు. ఎక్కడా మెత్తబడలేదు. నీళ్ళు చల్లి అవి ఎటు పారుతున్నాయో చూశాడు. తెడ్ల దగ్గర కూర్చుని మన అలవాటు కొద్దీ నది వెళ్ళే వైపుకి వీపు పెడితే, వాల్ట్ నవ్వి ఆయన భుజాలు పట్టుకుని ఇటు తిప్పాడు. ఈ నది మీద పడవని ముందుకి తోయడానికి నువ్వక్కర్లేదు, ఆ పని నదే చేస్తుంది, ఎదరున్న రాయిని చూస్తూ వెనక్కి లాగి నిదానించడమే నీ పని అని చెప్పాడు. ఇంటికొచ్చాక కూడా నాన్న ఆ మాట చెప్పి చెప్పి మురిసిపోయాడు.

అమ్మ ఆ పడవలో ఎత్తు సీటు వదిలేసి, అడుగున చీర కుచ్చిళ్ళు సర్దుకుని బాసింపట్టు వేసుకుంది. అంచు మీదుగా చెయ్యి కిందికి వేలాడేసింది. కళ్ళు మూసుకుంది. నేను ఎక్కి నడిచాను. చెక్క వెచ్చగా, నున్నగా, పిల్లి వీపులా ఉంది. నా అరికాలు ఊఁ అంది.

"ఏమ్మా, కొందామా?"

"వద్దు నాన్నా."

నాన్న ముఖం చూసి వాల్ట్ "సో, షీ ఈజ్ ద బాస్?" అన్నాడు. నాన్న నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. అమ్మ కళ్ళు తెరిచి నావైపు చాలాసేపు చూసింది. దిగడానికి నాన్న చెయ్యందిస్తే, పడవ అంచు పట్టుకుని కాసేపు ఆగి, రెండో చెయ్యి పొట్ట మీద ఆనించుకుని దిగింది. అది నేను చూశాను. చూసి, మధ్యాహ్నం పులిహోరలో జీడిపప్పులేరుకున్నాను.

ఆరోదానికి అమ్మ కారు దిగలేదు. ఏడోదానికి పులిహోర లేదు, కొన్న రొట్టె. మేనత్త అమ్మని తన ఆస్పత్రికి తీసుకెళ్ళింది, ఆ తర్వాత పెద్ద ఊరి ఆస్పత్రికి, ఆ తర్వాత ఇంట్లో పెద్దవాళ్ళ మాటలు నేను గదిలోకి రాగానే ఆగిపోవడం మొదలైంది. ఆ రెండు పడవలూ కూడా వద్దనే అన్నాను. ఆదివారాలు ఆపకుండా ఉంటే మిగతావి కూడా ఆగవనిపించింది.

రెండో చలికాలం మొదట్లో, ఎనిమిదో పడవ చూడ్డానికి వెళ్ళేటప్పుడు, నాన్న ముందు వెళ్ళిపోతే, అమ్మ కారు అద్దం సగం దించి నన్ను దగ్గరికి పిలిచింది.

"ఈసారి ఊఁ అనవే."

"ఎందుకమ్మా?"

"నేనెక్కాలి కదే."

అంతే. కోప్పడలేదు. జడ ముందుకేసి రిబ్బను బిగించి పంపించింది.

అది మేం చూసినవాటిలోకెల్లా అధ్వాన్నమైన పడవ. ఎవరి పెరట్లోనో వానకి నానిపోయి, నాన్న మేకు పెడితే అడుగు చెక్కలోకి, ముగ్గిన పండులోకి గోరు దిగినంత సుళువుగా దిగింది. ఆయన అప్పటికే వెనక్కి తిరిగాడు కూడా. పద్ధతి కోసం అడిగాడు. "ఏమ్మా, కొందామా?"

"కొందాం."

నాన్న నన్ను చూశాడు, మెత్తబడ్డ చెక్కని చూశాడు, కారులో ఉన్న అమ్మని చూశాడు. పిల్ల ఊఁ అన్నాక కాదనడం వాళ్ళింట్లో లేదు. కొన్నాడు.

తర్వాత వారాల తరబడి ఆయన మిల్లు నుంచి రావడం, అన్నం తిని గరాజ్‌లోకి పోవడం. పుచ్చిన అడుగు కోసేసి కొత్త ప్లైవుడ్ అతికించాడు. సంగతి తెలిసి వాల్ట్ ఒక డబ్బా అవిసెనూనె, మంచి పలక ఒకటి ఇచ్చాడు. ముందున్న ఎత్తు సీటు పీకేసి, ఆ పలకతో అమ్మ బాసింపట్టు వేసుకోడానికి వెడల్పాటి పీట చేసి, పడవ అడుగుకి మరలతో బిగించాడు. ఒక పూత ఆరితేగాని రెండో పూత వేయకూడదు, ఆ ముసురులో పూత ఆరదు. గోడకవతల అమ్మ దగ్గు వినిపిస్తుంటే నాన్న విసనకర్రతో చెక్కకి విసరడం నేను చూశాను.

పడవ సిద్ధమయ్యేసరికి అమ్మని నది దాకా తీసుకెళ్ళే వీల్లేకపోయింది. ఒక మధ్యాహ్నం వాన తెరిపిచ్చింది. నాన్న పడవని ట్రైలర్ మీదే ఇంటి ముందుకి లాగి, అమ్మని దుప్పటితో సహా ఎత్తుకొచ్చి ఆ పీట మీద కూర్చోబెట్టాడు. నది దగ్గరికి వెళ్ళి బకెట్‌తో నీళ్ళు తెచ్చి, పడవ అంచుకి తాడుతో కట్టాడు. తను తెడ్ల దగ్గర కూర్చుని, గాలిలో తెడ్లు వెనక్కి లాగుతూ, "అదిగో పెద్ద రాయొస్తోంది, గట్టిగా పట్టుకో" అన్నాడు.

అమ్మ బకెట్లో చెయ్యి పెట్టింది. "అబ్బ, ఎంత చల్లగా ఉన్నాయండీ!" అంది. వేళ్ళు ఆడించింది. పక్కింటివాళ్ళు కిటికీలోంచి చూస్తున్నారని నాకు సిగ్గేసింది. నాన్న ఇక చాల్లే అన్నా అమ్మ చెయ్యి తీయలేదు. "కాసేపుండండి, ఇంకా ఒడ్డు రాలేదు" అంది.

మర్నాడు మళ్ళీ ముసురు పట్టింది. మళ్ళీ చేపలెక్కే ముందే అమ్మ పోయింది.

నాన్న ఆ పడవని ఒక్కసారే నదిలో దింపాడు, నన్నెక్కించుకుని. నేను వెనక కూర్చున్నాను. ముందున్న పీట మీద ఇద్దరం కూర్చోలేదు. గాలం వెయ్యలేదు. ఆయన రాళ్ళని చూస్తూ తెడ్లు వెనక్కి లాగుతూనే ఉన్నాడు, నది మమ్మల్ని తీసుకుపోతూనే ఉంది. తర్వాత పడవ టార్పాలిన్ కిందికి, నేను వంటింట్లోకి వెళ్ళిపోయాం. బడి పదో క్లాసుతో ఆగింది.

ఎనభైల నడుమ మిల్లు మూతపడి ఊరు వదిలేటప్పుడు నాన్న పడవ అమ్మేశాడు. కొన్నవాళ్ళొచ్చేలోగా అమ్మ పీట మరలు విప్పుతుంటే, పక్కన కూర్చుని అంతా చెప్పేశాను. ఏడు పడవల సంగతి, ఆదివారాల సంగతి, వాల్ట్ పడవలో నా కాలు ఏమందో ఆ సంగతి. నాన్న ఆఖరి మర విప్పి అరచేతిలో పెట్టుకున్నాడు.

"పసిదానివి. నిన్నడగడం నాది తప్పు" అన్నాడు.

తిట్టినా బావుండేది. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ, కారు కొన్నా, ఇల్లు మారినా, నాకు సంబంధం కుదిరినా, నాన్న నన్ను "ఏమ్మా" అని మళ్ళీ అడగలేదు.

ఇప్పుడు ఆ ఊళ్ళో మిల్లు లేదట, వాల్ట్ షెడ్డు ఉన్నచోట ఇళ్ళొచ్చాయట. కార్ల అద్దాలు ఆవిరి పడితే బటన్ నొక్కేస్తారు, రాసుకునే వీల్లేదు. పీట మటుకు నా దగ్గరుంది. దానిమీద కూర్చునే ఆకుకూర బాగు చేసుకుంటాను. నూనె పట్టించిన రోజు మాత్రం ఆరేదాకా కూర్చోను, మేజోళ్ళు విప్పి ఒక్కసారి ఉత్తికాలు పెట్టి చూస్తాను. వెచ్చగా, నున్నగానే ఉంటుంది. అడిగేవాళ్ళుంటే ఊఁ అందును.