అన్నీ నింపిన షీటు

కుప్పంలో ఇంటర్ పిల్లలను ఎంట్రన్సుకు తయారుచేస్తుంటాను. ఓఎంఆర్ షీట్ల కట్ట విప్పగానే వచ్చే జెరాక్సు వాసనకు మదనపల్లెలో మా ఇల్లు గుర్తొస్తుంది.

అప్పుడు నాకు ఆరేళ్లు. ఇంజనీరింగ్ ఎంట్రన్సు రాయబోయే అక్కకు సాధన కోసం సారు ఇచ్చింది ఒకే ఒక్క జెరాక్సు షీటు. ప్రశ్నకు నాలుగు సున్నాలు. అక్క నీళ్లకు వెళ్లినప్పుడు నేను పెన్నుతో వాటిని నింపసాగాను. మార్కెట్లో టమాటా బాక్సులు నింపే అమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఖాళీ యాల ఇడిసిపెడతాండావు? సగం బాక్సు ఎవురు తీసుకుంటారు? అన్నీ నింపు."

అక్క వచ్చి చూసి గోడకు ఆనుకుంది. "నాలుగింట్లో ఒకటే నింపాలమ్మా. ఉండేది ఇదొక్కటే."

అమ్మ పెన్ను మూత అంచును కాటుకలో ముంచి పాత క్యాలెండరు వెనక అద్దింది. గుండ్రంగా సున్నా పడింది.

"ఎన్ని కావాల్నో చెప్పు."

ఆ వేసవికి మా వీధిలో పాత క్యాలెండరు ఒక్కటీ మిగల్లేదు. అక్కకు సీటొచ్చింది.

ఇప్పుడు నా పిల్లలకు మొదటి షీటిచ్చి సున్నాలన్నీ నింపేయమంటాను.

"వేస్టు కదా మేడం?" అంటారు.

"కాదు," అంటాను. "మా ఇంట్లో అన్నీ నింపిన షీటుకే సీటొచ్చింది."